శనివారం కుర్చీ

ఆ కుర్చీ నాది కాదు. లెక్చరర్ల కోసం వేసింది. చేతులు పెట్టుకోవడానికి ఇటూ అటూ కర్రలు, కింద మెత్తటి సీటు. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ పోయే దారిలో ఉన్న ఒక యూనివర్సిటీలో నేను అటెండర్ని. రోజూ పొద్దున ఆ కుర్చీ దుమ్ము తుడవడం వరకే నా పని. అలాంటిది ఒక సెమిస్టర్ అంతా, ప్రతి శనివారం మధ్యాహ్నం, గదినిండా పిల్లల ముందు నేనే అందులో కూర్చున్నాను.

ఎట్లా కూర్చున్నానో చెప్తాను. అవి ఉద్యమం రోజులు. బందు అంటే బస్సులు కదిలేవి కావు. లెక్చరర్లు ఇళ్ల నుంచి వచ్చేదారి లేదు. హాస్టల్ పిల్లలు ఏం చేస్తారు? ఖాళీ క్లాసుల్లో చేరి, తెలిసినవాడు తెలియనివాడికి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. బందులు అయిపోయాక కూడా వాళ్లకు ఆ రుచి పోలేదు. మేమే ఒక కోర్సు పెట్టి మేమే చెప్పుకుంటాం అని డీన్ దగ్గరకు పోయారు. ఆ కోర్సు పేరు డిజైన్ థింకింగ్.

ముందు నిలబడ్డవాళ్లు ఇద్దరు. ఒక అమ్మాయి కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో కిరాయికి ఉంటున్న గుమాస్తా కూతురు. ఇంకో పిల్లగాడు జనగామ వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్నాడు. రాష్ట్రం మాట వస్తే ఇద్దరూ క్యాంటీన్‌లో గిన్నెలు ఎగిరేలా కొట్లాడుకునేవారు. కోర్సు మాట వస్తే ఒకే టీలో సగం సగం తాగేవారు.

డీన్ సార్ గది బయట స్టూలు మీద నేనున్నాను. లోపలి మాటలన్నీ వినబడ్డాయి.

"పిల్లలు పిల్లలకు చెబితే పాఠమెట్లా అవుతుంది? రేపు మార్కులు ఎవరిస్తారు?" అన్నారు సార్.

"ఒక్క సెమిస్టర్ చూడండి సార్. నచ్చకపోతే తీసేయండి," అంది ఆ అమ్మాయి.

చివరకు ఒప్పుకున్నారు. ఒక సెమిస్టర్ చూడాలి, ఆఖరున కమిటీ ముందు పిల్లలు తాము చేసింది చూపాలి. కమిటీకి నచ్చితే మిగతా సబ్జెక్టుల లెక్కనే ఇదీ కోర్సవుతుంది, నచ్చకపోతే ఆ రోజుతో సరి. ఇంకో షరతు, పిల్లలు పాఠం చెబుతున్నంతసేపు స్టాఫ్ ఒకరు గదిలో ఉండాలి.

ఒక చిన్న లెక్చరర్ తన పేరు ఇచ్చాడు. పేరు ఇచ్చాడు గాని మనిషిని ఇవ్వలేదు. శనివారం మధ్యాహ్నం కాగానే ఆయన ఊరి బస్సు ఎక్కాలి. మొదటి శనివారమే నా భుజం మీద చేయి వేసి, "నువ్వు కూడా స్టాఫే కదా. కాసేపు కూర్చో," అని సంచి తగిలించుకొని పోయాడు.

నేను గదిలోకి పోగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా సార్ వస్తున్నాడేమోనని.

"నీకే కాకా. నువ్వు కూసుంటెనే మేం కూసుంటం," అన్నాడు జనగామ పిల్లగాడు.

కూర్చున్నాను. సీటు మెత్తగా లోపలికి పోయింది. ముందే తెలిసినట్టు చేతులు వాటంతటవే కర్రల మీద పడ్డాయి. నా కథ ఏదైనా చెప్పమన్నారు. నాకు చెప్పుకునేది ఒకటే ఉంది. నాచారంలో ఫ్యాక్టరీ పని, మిషన్ దగ్గర హెల్పర్, జీతం రోజున వేలిముద్ర. జుట్టు నెరిశాక బస్తీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడి పెడితే అక్కడ అక్షరాలు నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడితే, చదవను రాయను వచ్చు కాబట్టి ఈ నౌకరీ దొరికింది. "ఎవడి సాయం లేదు. నా పట్టుదల," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మా బస్తీ దాకా నా వెంట వచ్చాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సినిమా బోర్డులన్నీ పైకి చదువుకుంటూ పోయాను.

మొదట్లో ఆ కోర్సు సాగలేదు. చెప్పేవాడు గోడ మీది బొమ్మలు చూసి చదివేవాడు, వినేవాళ్లు బెంచీ కింద సెల్‌ఫోన్లో స్కోరు చూసేవారు. నేను నోరు ఆపుకునే మనిషిని కాను.

"ఏంది బిడ్డా ఈ చదువు?" అన్నాను ఒక శనివారం.

"ఒక వస్తువు చేసే ముందు, దాన్ని వాడే మనిషి దగ్గరకు వెళ్లి కూర్చోవాలి బాబాయ్. వాళ్ల కష్టం మనం ఊహించకూడదు, వాళ్ల నోట వినాలి," అంది అమ్మాయి.

"మరి మీరు ఈ గదిలో ఎవలి దగ్గర కూసున్నరు? ఒకలి మొకం ఒకలు సూసుకునుడే గద!"

గదంతా నవ్వింది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కాని వినే పిల్ల. వచ్చే శనివారం నుంచి ఎవరు పాఠం చెబితే వాళ్లు ముందు ఆ పని చేసి వచ్చి ఉండాలని రూలు పెట్టింది. ఎక్కడికి పోవాలి అని అడిగితే, నేనే మా నాచారం బస్తీ పేరు చెప్పాను. "నల్లా కాడికి పొండి. నీళ్ల కోసం ఆడోళ్లు ఎదురుచూస్తుంటరు. కావలసినంత కష్టం దొరుకుతది," అన్నాను, ఏదో నా దుకాణంలో సరుకు అమ్ముతున్నట్టు.

మా ఇల్లు ఏదో చెప్పలేదు. వాళ్లు అడిగారు కూడా. "మా ఇంట్ల ఏముంది? మా ఆమెకు మాట్లాడ రాదు," అన్నాను. ఇరుకు ఇల్లు, మంచం కింద బియ్యం డబ్బా, దండెం మీద బట్టలు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు అక్కడ కూర్చుంటే శనివారం కుర్చీలో కూర్చునేవాడి పరువు ఏం కాను?

పిల్లలు పోయారు. మొదటిరోజు కాగితాలు తీసి రాసుకోబోతే గొడవైంది. కాగితం కనబడగానే రేషన్ కార్డు సర్వే అనుకుని బస్తీ అంతా మీద పడింది. నా పేరు రాయి, నా పింఛన్ ఆగింది, మా కోడలి పేరు కార్డులో ఎక్కలేదు. ఆ తర్వాత వాళ్లు కాగితాలు, పెన్నులు హాస్టల్‌లోనే వదిలి పోయారు. చూసింది, విన్నది వచ్చి క్లాసులో చేసి చూపించడం మొదలుపెట్టారు. బిందె ఎట్లా ఎత్తింది, ఎక్కడ ఆగింది, ఏం మాట అన్నది, అంతా ఒంటితో చేసి చూపాలి. ఎవరి పేరూ చెప్పకూడదు. ఆ ఆడవాళ్లకు అట్లా మాటిచ్చి వచ్చారు. క్లాసుకు ప్రాణం వచ్చింది. సెల్‌ఫోన్లు జేబుల్లోకి పోయాయి.

ఒకరోజు ఇంట్లో అన్నం తింటుంటే మా ఆవిడ అంది, "ఎవరో కాలేజీ పిల్లలు వస్తున్రు నల్లా కాడికి. మస్తు అడుగుతున్రు. ఒక పొల్ల మంచిది. బిందె గూడ మోసింది."

"నువ్వేం జెప్పినవ్?"

"నేనేం జెప్త? నీళ్ల ముచ్చట."

నేను పులుసు పోసుకున్నాను. ఇంకేం అడగలేదు. మా వాళ్లలో ఆడవాళ్లు భర్త పేరు ఎత్తరు. ఆయన అంటారు, ఇంటాయన అంటారు, అంతే. ఆ ఇంటాయన ఎవరో, ఎక్కడ పనిచేస్తాడో ఆమె ఆ పిల్లలకు చెప్పి ఉండదు. అడిగినా ముసిముసిగా నవ్వి ఊరుకుని ఉంటుంది. అది నాకు తర్వాత తట్టింది.

కమిటీ రోజు వచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాను. డీన్ సార్, ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు ముందు వరుసలో కూర్చున్నారు. ఊరి బస్సు మానుకుని చిన్న లెక్చరర్ కూడా వచ్చి వాళ్ల వెనక నక్కాడు. నేను అలవాటుకొద్దీ కుర్చీలో ఉన్నాను. జనగామ పిల్లగాడు దగ్గరకు వచ్చి చెవిలో అన్నాడు, "కాకా, జర లే. ఆటల మొగనికి కుర్చీ కావాలె."

లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. పిల్లగాడు కుర్చీని ఒక మూలకు జరిపి అందులో కూర్చున్నాడు. కాళ్లు చాపాడు. చేతులు కర్రల మీద పెట్టాడు. ఇంటి మగవాడు అన్నమాట.

అమ్మాయి వచ్చింది. చున్నీ నడుముకు చుట్టుకుంది. ప్లాస్టిక్ బిందె బోర్లించి దాని పక్కన గొంతుక్కూర్చుంది. బిందె మెడకు ఒక ఖాకీ గుడ్డ పీలిక కట్టి ఉంది.

నేను గోడ దగ్గర నుంచే మెడ చాచి చూశాను. నల్లా దగ్గర బిందెలు తారుమారు కాకుండా ఒక్కో ఆడది ఒక్కో గుర్తు పెట్టుకుంటుంది. మా ఆవిడ నా పాత ఫ్యాక్టరీ ప్యాంటు చింపి ఆ పీలిక కట్టుకుంటుంది. కాదులే, ఖాకీ గుడ్డ ఎవరింట్లో ఉండదు అనుకున్నాను.

ఒక పిల్ల వచ్చి అడిగింది, "అమ్మా, నీళ్లు మోయడానికి చక్రాల బండి చేసిస్తే బాగుంటుందా?"

కోస్తా పిల్ల నోరు తెరిచింది. తెరిస్తే అది మా ఆవిడ గొంతు. ఆ సాగదీత, ఆ మధ్యలో ముక్కు ఎగబీల్చడం.

"బండెందుకు బిడ్డా? మోసుడు కష్టం గాదు. ఎదురుసూసుడు కష్టం. నల్లా ఎప్పుడొస్తదో ఆ నల్లాకే ఎర్కలేదు. దవాఖానకు పోదామన్న ఫికరే, సుట్టాలింటికి పోదామన్న ఫికరే."

"ఇంట్లో ఇంకెవరైనా పట్టకూడదా?"

అమ్మాయి కొంగు లేకపోయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు చేసి కుర్చీ వైపు చూసింది. "ఆయననా? ఆయన బిందె వడితె నలుగురు నవ్వుతరు. ఆయన నవ్వులపాలైతే నాకు మంచిగుంటదా?"

ముందు వరుసలో నవ్వారు. కుర్చీలో పిల్లగాడు ఏమీ చేయలేదు. ఊరికే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు చదువుకున్నావా అమ్మా?"

"ఒక్కదినం. ఆయనా నేనూ కలిసే పోయినం, మా బస్తీల సాయంత్రం బడి వెడితే. 'అ' రాసిన. 'ఆ' రాసేటాళ్లకు నల్లా వచ్చిందని ఎవరో ఒర్లిన్రు. లేసి ఉరికిన."

"మరి ఆయన?"

"ఆయన కూసున్నడు."

"మళ్లీ పోలేదా?"

"గప్పుడు నల్లా దినాం బడి యాళ్లకే వచ్చె. ఎవరో ఒకరు ఉండాలె గద. ఆయన నేర్సుకున్నడు. నౌకరీ గూడ దొరికింది. మంచిగైంది," అంటూ అమ్మాయి తల ఊపింది, సంతోషంగానే. ఆ సంతోషం కూడా మా ఆవిడదే. తర్వాత బిందె మీది ఖాకీ పీలిక ముడి సరిచేస్తూ నెమ్మదిగా అంది, "ఒక్కనాడన్న నువ్వు పో, నేను నీళ్లు వడ్త అంటడేమో అనుకున్న. ఆయనకు తట్టలే. తప్పు గాదు బిడ్డా. తట్టలే, గంతే."

ఆట అయిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి శనివారం నాకు కొట్టిన చప్పట్లే. ఎవడి సాయం లేదు, నా పట్టుదల అని నేను చెప్పినప్పుడు వీళ్లంతా అక్కడే ఉన్నారు. గోడ సున్నం నా ఇస్త్రీ చొక్కాకు అంటుకుంది. 

డీన్ సార్ చప్పట్లు కొట్టలేదు.

"బాగుంది. కాని మీరు బండి చేస్తామని కదా రాసిచ్చారు. బండి ఏది?"

అమ్మాయి మళ్లీ తన గొంతులోకి వచ్చింది. "బండి వద్దన్నారు సార్. నీళ్లు వదిలే లైన్‌మన్, వాల్వు తిప్పే ముందు బస్తీలో ఒకరికి మిస్డ్ కాల్ ఇచ్చేలా మాట్లాడాం. ఆ ఒక్కరు మిగతావాళ్లను పిలుస్తారు. ఎదురుచూపు తగ్గింది."

"అంటే వస్తువేమీ చేయలేదు. ఒక నాటకం రాసుకొచ్చారు. భర్త చదువుకున్నాడు, భార్య నీళ్లు పట్టింది. సినిమాలా ఉంది. ఆమె ఎవరు? పేరు చెప్పండి, ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటాం."

"పేరు చెప్పబోమని మాటిచ్చాం సార్."

"అయితే నేనెట్లా నమ్మాలి?"

"నిజంగనే ఉన్నది సార్ ఆమె," అన్నాడు కుర్చీలోంచి లేచిన జనగామ పిల్లగాడు. గొంతు పెరిగింది. పక్క ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూశారా సార్, అదుపు లేదు. పిల్లల చేతిలో పెడితే ఇంతే," అన్నాడు. డీన్ సార్ పెన్ను మూత పెట్టి లేవబోయారు. చిన్న లెక్చరర్ నేల చూస్తున్నాడు. ఆ అమ్మాయి బిందెను రెండు చేతులతో పొట్టకు పట్టుకుని నిలబడింది. సెమిస్టర్ అంతా ఎండలో నాచారం తిరిగిన పిల్ల.

నా లోపల ఏం నడిచిందో ఉన్నదున్నట్టు రాస్తాను. నోరు మూసుకుందాం అనుకున్నాను. ఎవరికి తెలుసు? నాకు తప్ప ఎవరికీ తెలియదు. కోర్సు పోతే పోతుంది, పిల్లలు ఇంకోటి పెట్టుకుంటారు. నేను అటెండర్ని, మధ్యలో దూరడానికి ఎవడిని? మా ఆవిడ అన్నమాట కూడా అడ్డం వచ్చింది, ఆయన నవ్వులపాలైతే నాకు మంచిగుంటదా అని. ఆమె మాటను కూడా నన్ను నేను దాచుకోవడానికి వాడుకోబోయాను చూడండి. అది తట్టగానే సిగ్గేసింది. గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాను.

"సార్," అన్నాను. "గా ఇల్లు నాది."

అందరూ నా వైపు తిరిగారు. డీన్ సార్‌కు ముందు అర్థం కాలేదు.

"ఏ ఇల్లు?"

"వీళ్లు జేసి చూపిన ఇల్లు సార్. ఆమె నా పెండ్లాం. గా బిందె మెడకున్న గుడ్డ నా ప్యాంటుదే. పిల్లలకు తెల్వదు సార్, వాళ్లు అబద్ధం రాయలే. ఒక్క మాట గూడ కలపలే."

 అమ్మాయి చేతిలో బిందె జారి నేల మీద దొర్లింది. జనగామ పిల్లగాడు కుర్చీ తనను కాల్చినట్టు దానికి దూరం జరిగాడు.

డీన్ సార్ నా దగ్గరకు వచ్చి అడిగారు, "ఆమె బడిలోంచి లేచి నల్లాకు వెళ్లిన రోజు నువ్వేమన్నావు?"

"ఏమనలే సార్. పలక మీద 'ఆ' రాస్తున్న."

ఆయన మళ్లీ కూర్చుని పెన్ను మూత తీశారు. సంతకం పెట్టారు. కోర్సు నిలబడింది. తర్వాత చిన్న లెక్చరర్‌ను పిలిచి, వచ్చే సెమిస్టర్ నుంచి శనివారం ఆ కుర్చీలో నువ్వే ఉండాలి, అటెండర్ కాదు అని గట్టిగా చెప్పారు. అది నాకు మంచిదే అనిపించింది. కుర్చీ పోయిందని బాధపడ్డానని అబద్ధం చెప్పను.

పిల్లలు నా చుట్టూ చేరారు. అమ్మాయి ఏడుస్తోంది. "మాకు తెలియదు బాబాయ్. తెలిస్తే ఇది చేసేవాళ్లం కాదు."

"తెల్వకుంటనే మంచిగైంది బిడ్డా," అన్నాను.  వాళ్లు నన్ను క్షమించమని అడుగుతుంటే నాకు ఇంకా సిగ్గేసింది. అడగాల్సింది వాళ్లు కాదు.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో కోసం గుంతలు తవ్వుతున్నారు. బస్సు కదల్లేదు. దిగి నడిచాను. దారిలో బోర్డులు చదవబుద్ధి కాలేదు. అయినా కళ్లు చదువుతూనే ఉన్నాయి. నేర్చుకున్న చదువు ఆపమంటే ఆగదు.

బస్తీ మొదట్లోనే నల్లా గోల వినబడింది. మా ఆవిడ వరుసలో ఉంది. పోయి ఖాకీ పీలిక ఉన్న బిందె పట్టుకున్నాను.

"ఏం మామా, తొవ్వ తప్పినవా?" అంది వెనకున్న ఆమె.

"అత్తకు జరమొచ్చిందా? నిలవడే ఉన్నది గద!" అంది ఇంకొకామె. వరుస అంతా నవ్వింది.

మా ఆవిడ బిందె గుంజుకుంది. "ఇడువు! ఏమైంది నీకు? నా ఇజ్జత్ తీస్తున్నవ్ నలుగుర్ల. ఇంటికి నడువు."

నడిచాను. ఆమె వెనక నిండు బిందెతో వచ్చింది. గుమ్మం దగ్గర దించబోతే నా చేయి పడనిచ్చింది, ఎవరూ చూడటం లేదు కాబట్టి. లోపల కూర్చున్నాక అంతా చెప్పాను. కాలేజీ పిల్లలెవరో, ఆ పిల్ల ఎట్లా ఆడిందో, నేనేం ఒప్పుకున్నానో. ఆమె వింటూనే లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

"ఇప్పుడు నేర్సుకుంటవా? నేను జెప్త," అన్నాను.

"నీ దగ్గరనా? నీ నోటికి నాకొచ్చిన ఒక్క అచ్చరం గూడ మరిచిపోత."

బియ్యం కడుగుతూ ఆమె మళ్లీ అడిగింది, "గా పొల్ల నా లెక్క ఎట్ల జేసింది?"

లేచి చేసి చూపించాను. గొంతుక్కూర్చుని, ముక్కు ఎగబీల్చి, కొంగు నోటికి అడ్డం పెట్టినట్టు చేసి. ఆమెకు నవ్వు ఆగలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కొంగుతో తుడుచుకుంది.

"మరి నీ లెక్క ఎవరు జేసిన్రు?"

"జనగామ పిల్లగాడు."

"ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే. కుర్సీల కూసున్నడు."

"ఆఖరు దాంకనా?"

"ఆఖరు దాంక."

ఆమె ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టింది.

"అయితే మంచిగనే జేసిండు," అంది.